బడి ఎగ్గొడితే బోర్డు లేదు

తిరువనంతపురం నుంచి కోవళం 16 కిలోమీటర్లే. నలభై దాటాక బోర్డు మీద నిలబడి కెరటాలపై జారే ఈ సర్ఫింగ్ పిచ్చి ఏమిటని ఇంట్లో అడిగారు. సరైన జవాబు దొరక్క బ్యాగు సర్దుకున్నాను.

డిసెంబరు శనివారం ఉదయం. లైట్‌హౌస్ బీచ్ ఇసుకలో ఇల్మెనైట్ ఖనిజపు నల్లటి చారలు, పైన గుట్ట మీద ఎరుపు తెలుపు పట్టీల దీపస్తంభం. నాకు నేర్పే కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. ముందు ఇసుకలోనే బోర్డు పరిచి, దాని మీద బోర్లా పడుకోబెట్టి, అరచేతులు ఆనించి ఒక్క ఊపున లేవమన్నాడు. ఇసుకలో పదిసార్లూ లేచాను. నీళ్లలో ఒక్కసారీ లేవలేదు.

"చేచ్చీ (మలయాళంలో అక్కా), కాళ్లు చూసుకోవద్దు, ఒడ్డును చూడండి" అంటాడు. చూపు కిందికి పోతే ఒళ్లూ కిందికే పోతుందట. పోయింది, ముక్కు నిండా ఉప్పునీళ్లతో సహా.

అలిసి ఒడ్డున కూలబడినప్పుడు తన సంగతి చెప్పాడు. చిన్నప్పుడు ఇక్కడే పర్యాటకులకు పూసల దండలు అమ్మేవాడు. "సముద్రం వాళ్లకు ఆట, మాకు అంగడి" అన్నాడు. ఆరో తరగతిలో మానేసిన బడికి అతన్ని మళ్లీ లాక్కెళ్లింది బోర్డే. ఇక్కడ సెబాస్టియన్ ఇండియన్ సోషల్ ప్రాజెక్ట్స్ అనే సంస్థ బడి మానేసిన పిల్లలకు చదువు చెబుతోంది. ఆ పిల్లల కోసం 2005లో యెల్లె రిగోల్ అనే బెల్జియం యువకుడు సర్ఫ్ క్లబ్ మొదలుపెట్టాడు. నియమం ఒక్కటే: బడికి రాని రోజు బోర్డు ముట్టుకోకూడదు. ఇందులోని గడుసుదనం నాకు భలే నచ్చింది. చదువు ఫలం చేతికందడానికి పదేళ్లు పడుతుంది, బోర్డు సాయంత్రానికే అందుతుంది.

కర్ణాటక నుంచి వలస వచ్చి ఈ ఒడ్డున హస్తకళా వస్తువులు అమ్ముకున్న కుటుంబంలోని రమేష్ బుదిహాల్ కూడా ఈ క్లబ్బులో నేర్చుకున్నవాడే. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచాడు. అందరూ రమేష్‌లు కాలేరు కదా అన్నాను, కొంచెం మొరటుగానే. నాకు నేర్పే కుర్రాడు నొచ్చుకోలేదు. జూన్‌లో వానలు పడితే సముద్రం రేగుతుంది, నేర్చుకునేవాళ్లు రారు, చేతిలో పైసా ఆడదు. అందుకే పగిలిన బోర్డులకు ఫైబర్‌గ్లాస్ అతికి రెజిన్ అనే గట్టిపడే జిగురు పూసే పని పట్టాడట. పోటీల ఊసు ఎత్తలేదు. ఆ రెజిన్ గురించి మాత్రం పావుగంట చెప్పాడు.

ఇంతలో పన్నెండేళ్ల పిల్ల ఒకతె బోర్డు అడుగుతూ వచ్చింది. నీళ్లలో ఉన్న పిల్లల్లో ఆడపిల్లలు ఒకరిద్దరే కనిపించారు కాబట్టి నాకు సంబరమేసింది. అతను మాత్రం తల అడ్డంగా ఊపాడు. నిన్న బడి ఎగ్గొట్టిందట. నా బోర్డు ఇస్తానన్నాను. అదీ కుదరదన్నాడు.

ఆ పిల్ల అలిగి ఇసుకలో కూర్చుని, నేను పడ్డ ప్రతిసారీ పకపకా నవ్వింది. ఎన్నోసారో గుర్తులేదు, ఒక నురుగు కెరటం మీద లేచి రెండు క్షణాలు నిలబడ్డాను. ఒడ్డును చూశాను. ఈసారి నవ్వలేదు, మొహం తిప్పుకుంది.