నా చేతికి కుదిరిన గ్రిప్: ఆరు నెలల ఎయిర్ పిస్టల్ డైరీ

పోయిన డిసెంబర్‌లో సెకండ్‌హ్యాండ్‌లో ఒక 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కొన్నాను. మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో, షూటింగ్ రేంజ్ ఏమో ఊరికి అటు చివర. ఆదివారం పొద్దున్నే ఆరున్నరకి బైక్ తీస్తే ట్రాఫిక్ మొదలయ్యేలోపు చేరిపోతాను. పిస్టల్‌కి ఏమేం మార్చాను, ఏది పనికొచ్చింది, ఏది దండగైంది అన్నది ఒక రూళ్ల పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. దాన్నే కొంచెం సాపు చేసి ఇక్కడ పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. ఇది నడుముకి పెట్టుకుని తిరిగే పిస్టల్ కాదు. గాలి పీడనంతో 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ (చిన్న గుండు) కొట్టే పోటీ పిస్టల్. అర గ్రాము పెల్లెట్ సెకనుకు దాదాపు 150 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి ఐదారు జౌళ్ల దగ్గరే ఉంటుంది. మన ఆయుధ నియమాల్లో 20 జౌళ్ల లోపు, 0.177 అంగుళాల బోర్ (గొట్టం లోపలి వ్యాసం) ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. అందుకే నేను ముట్టుకునేవన్నీ గ్రిప్ (పిడి), సైట్లు (గురి చూసే ముందు బ్లేడు, వెనుక గాడి), బరువులు, ట్రిగ్గర్ స్క్రూల్లాంటివే. వాల్వ్, స్ప్రింగ్, గాలి పీడనం వైపు చెయ్యి పెట్టను. వేగం పెంచితే స్కోరు పెరగదు, ఇబ్బందులు మాత్రం పెరుగుతాయి.

జనవరి, మొదటి రెండు వారాలు

60 షాట్లకి, 600కి గాను 509, 514, 506. పది షాట్ల సిరీస్‌లో 85 దాటడమే గగనంగా ఉంది. గుండ్లన్నీ ఎడమ పక్కకి, కొంచెం కిందికి పోతున్నాయి. నేను చేసిందల్లా వెనుక సైట్‌ని కుడికి క్లిక్ చేసుకుంటూ పోవడం. ఒక సిరీస్‌లో మధ్యకి వచ్చేవి, తర్వాతి సిరీస్‌లో మళ్ళీ చెదిరేవి.

రేంజ్‌లో నాకు పరిచయమైన నెల్లూరు కుర్రాడు ఒకడున్నాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్న, స్కోరు మాత్రం 560 పైన. నా టార్గెట్ చూసి, "అన్నా, సైట్ వదిలెయ్. ముందు కళ్ళు మూసుకుని పిస్టల్ ఎత్తు, ఆ తర్వాత కళ్ళు తెరువు. ముందు సైట్ గాడిలో ఎక్కడుందో చూసుకో" అన్నాడు.

పదిసార్లు చేశాను. ఏడుసార్లు ముందు సైట్ వెనుక గాడిలో ఎడమకి ఆనుకుని ఉంది. అంటే నేను ప్రతి షాట్‌కీ మణికట్టు వంచి దాన్ని మధ్యకి లాక్కొస్తున్నానన్నమాట. ఇరవై షాట్లు కాగానే మణికట్టు అలిసిపోయి దాని దారి అది చూసుకుంటోంది.

ఆ రాత్రి ఒక చిన్న లెక్క వేశాను. నా పిస్టల్‌లో రెండు సైట్ల మధ్య దూరం 340 మిల్లీమీటర్లు. ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి పోతే, 10 మీటర్ల దూరంలో గుండు 29 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. టార్గెట్‌లో నల్ల భాగం వ్యాసం 59.5 మిల్లీమీటర్లు, అంటే ఏడో వలయం అంచు దాకా వెళ్ళిపోయినట్టే. అదే సైట్లు రెండూ సరిగ్గా కలిసి ఉండి, చెయ్యి మొత్తంగా ఐదు మిల్లీమీటర్లు జరిగినా గుండు ఐదు మిల్లీమీటర్లే జరుగుతుంది, అది ఇంకా పదిలోనే ఉంటుంది. ఇన్నాళ్లూ నేను చెయ్యి ఊగుతోందని బెంగపడ్డాను. అసలు తప్పు చేతి ఊపులో లేదు, పిస్టల్ నా చేతిలో కూర్చున్న తీరులో ఉంది.

జనవరి ఆఖరు: దండగ ఖర్చు

అంత తెలిసాక కూడా మొదట కొన్నది బరువులే. నిజాయితీగా రాసుకోవాలి కదా. గొట్టం కింద బిగించే 45 గ్రాముల బరువు. మొదటి ఇరవై షాట్లు భలే నిలకడగా అనిపించింది. నలభై దాటాక భుజం దిగజారడం మొదలైంది, ఆఖరి సిరీస్ 79. పోటీలో పిస్టల్ బరువు 1500 గ్రాములు దాటకూడదన్న నియమం ఉంది, దానికి నేను చాలా దూరంలోనే ఉన్నాను. కానీ నియమం ఒప్పుకున్నంత మాత్రాన నా భుజం ఒప్పుకోదు. తీసి డబ్బాలో పడేశాను.

పెల్లెట్లు కూడా మార్చి చూశాను. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ అనే రకాలు, వాటిలో 4.49, 4.50 మిల్లీమీటర్ల తల సైజులు. చేతిని మెత్తటి దిండు మీద ఆనించి ఐదేసి షాట్లు కొట్టాను. నా స్థాయిలో తేడా కనిపించలేదు. దొరికిన డబ్బాలు నాలుగు ఒకే బ్యాచ్‌వి తెచ్చుకుని ఆ విషయం మర్చిపోయాను.

ఫిబ్రవరి: పసుపు

గ్రిప్ లార్జ్ సైజు వాల్‌నట్ కర్ర. నాకు ముందున్నాయన చేతులు పెద్దవి. జర్మనీ నుంచి రింక్ గ్రిప్ తెప్పించుకోమని కొందరు అన్నారు. చేతి కొలత పంపితే దానికి తగ్గట్టు చేసిస్తారు, మంచి పనితనం. కానీ ఎక్కడ తేడా ఉందో తెలియకుండా కొత్తది కొంటే ఏం లాభం అనిపించింది.

ఎక్కడ తగులుతోంది, ఎక్కడ తగలడం లేదు అన్నది కనిపెట్టడం ఎలా? స్టాంపు ప్యాడ్ సిరా రాద్దామా అని ఆలోచిస్తుంటే మా ఆవిడ, "ఏవండీ, పసుపు తడిపి చేతికి రాసుకుని పట్టుకోండి. అంటని చోట తెలిసిపోతుంది కదా" అంది. కర్రకి పసుపు పట్టకుండా గ్రిప్ చుట్టూ తెల్ల మాస్కింగ్ టేపు అతికించాను. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, గాలి సిలిండర్ విప్పి, గొట్టంలో నారింజ రంగు సేఫ్టీ తాడు దూర్చాను. ఇది ప్రతిసారీ చేసే పని, ఇంట్లో అయినా సరే. పిల్లలు స్కూలుకెళ్ళిన టైమే చూసుకుంటాను.

అరచేతికి పలచగా పసుపు పూసుకుని, పోటీలో పట్టుకున్నట్టే పట్టుకుని, ముప్పై సెకన్లు ఎత్తి ఉంచి దించాను. టేపు చూస్తే విషయం మొత్తం దానిమీదే ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య భాగం ముద్ద పసుపు. చిటికెనవేలి దగ్గర ఒక చార. అరచేతి గుంట ఉండే చోట మాత్రం అర్ధరూపాయి బిళ్ల కంటే పెద్ద తెల్ల మచ్చ, అక్కడ కర్రే తగలడం లేదు. ఉంగరపు వేలు సగమే అంటింది. చూపుడువేలి పక్కన మాత్రం పసుపు ఉండకూడని చోట ఉంది. ట్రిగ్గర్ లాగేటప్పుడు వేలి పక్క భాగం కర్రకి రాసుకుంటోందన్నమాట. గుండు ఎడమకి పోవడానికి రెండు కారణాలూ ఒక్క టేపు ముక్క మీదే దొరికాయి.

ఫిబ్రవరి మూడో వారం: ఎం-సీల్

కుడిచేత్తో పట్టుకునేవాళ్ళకి అరచేయి గ్రిప్ వెనుక కుడి భాగాన్ని నెడుతుంది. అక్కడ ఖాళీ ఉంటే పిస్టల్ వెనుక భాగం కుడికి కూలబడి, ముక్కు ఎడమకి తిరుగుతుంది. ఆ ఖాళీ నింపితే ముక్కు కుడికి వస్తుంది.

నీళ్ల గొట్టాలకి వాడే ఎం-సీల్ పుట్టీ రెండు ముద్దలూ సమానంగా తీసుకుని రంగు ఒకటయ్యేదాకా పిసికాను. గ్రిప్‌ని పిస్టల్ నుంచి విడదీసి, కర్రని గరుకు శాండ్ పేపర్‌తో రుద్ది, తెల్ల మచ్చ వచ్చిన చోట ముద్ద అతికించాను. దానిమీద వంటింటి పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టి గట్టిగా పట్టుకున్నాను. మెల్లగా పది నిమిషాలు. చేతి గీతలతో సహా అచ్చు పడింది.

మొదటిసారి ఎక్కువ పెట్టేశాను. కళ్ళు మూసుకుని ఎత్తే పరీక్షలో ఈసారి ముందు సైట్ కుడికి వెళ్ళి కూర్చుంది, పదికి ఆరుసార్లు. గట్టిపడ్డాక నేనే ఆకురాయితో రుద్దబోయి ఒక పక్క గుంట చేశాను. అప్పుడు పని తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళక తప్పలేదు.

కేఆర్ పురం దగ్గర ఒక వడ్రంగి షెడ్డు ఉంది. పెద్దాయనది మదనపల్లె, నలభై ఏళ్లుగా బెంగళూరులోనే ఉన్నారు. పిస్టల్ ఇంట్లోనే పెట్టి, విడి గ్రిప్ ఒక్కటే తీసుకెళ్ళాను. చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది కొడవలి పిడి లాంటిదే సార్. పిడి కుదరకపోతే చెయ్యి పొక్కిపోతాది" అన్నారు. నా చెయ్యి తీసుకుని, వేళ్ళు ముడిపించి, పెన్సిల్‌తో కర్ర మీద గీతలు గీశారు. చూపుడువేలు రాసుకునే చోట సన్నని ఉలితో రెండు మిల్లీమీటర్ల లోతు తీసి, ఎం-సీల్ ఉబ్బును అరగంటలో సాపు చేశారు. ఆకురాయిని ఆయన ముందుకే తోస్తారు, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేస్తారు. నా గుంట ఎందుకు పడిందో అది చూశాక అర్థమైంది. మూడు వందలిచ్చాను, ఆయన అడిగింది రెండొందలే.

నియమాలు ముందే చదువుకుని వెళ్ళడం మంచిదైంది. అరచేయి ఆనే కింది దిమ్మ అంచుని కొంచెం పైకి వంచమంటారా అని ఆయన అడిగారు. సుఖంగానే ఉండేది. కానీ పోటీలో అది పైకి వంపు తిరగకూడదు, గ్రిప్ చేతిని చుట్టేయకూడదు, మణికట్టుకి ఏ ఆధారమూ ఉండకూడదు. మొత్తం పిస్టల్ 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. అరచేతి దిమ్మ వెడల్పు చేసేవాళ్ళు ఆ 50 దగ్గరే దొరికిపోతారు.

మార్చి

ఏమీ మార్చలేదు. రోజూ రాత్రి ఇరవై నిమిషాలు పెల్లెట్ లేకుండా గోడకి ఎదురుగా నిలబడి ఎత్తడం, ట్రిగ్గర్ లాగడం, అంతే. కళ్ళు మూసిన పరీక్షలో పదికి ఎనిమిది మధ్యలో. ఆదివారాలు 522, 527, 519, 531.

ఏప్రిల్: నీళ్ల సీసా

క్లబ్ స్థాయి చిన్న పోటీకి పేరిచ్చాను. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మొయ్యాలి. ఇంట్లో సరిగ్గా 500కి పెట్టుకుని వెళ్ళాను, తేలిగ్గా ఉంటే మంచిదన్న ఆశతో. తనిఖీ దగ్గర పిస్టల్‌ని నిటారుగా పట్టుకుని, ట్రిగ్గర్‌కి బరువు తగిలించి పైకి ఎత్తగానే టక్‌మని విడిచేసింది. రెండోసారీ అంతే. మూడు ప్రయత్నాలే ఇస్తారు. టెన్షన్‌తో వేళ్ళు వణుకుతుంటే స్క్రూ పావు చుట్టు బిగించి మూడోసారికి గట్టెక్కాను. ఆ వణుకు మొదటి సిరీస్ మొత్తం నాతోనే ఉంది, 81.

ఇంటికొచ్చాక అర లీటరు నీళ్ల సీసా నిండా నింపి, మెడకి ఒక తీగ కొక్కెం కట్టాను. వంటింటి డిజిటల్ కాటా మీద 518 గ్రాములు తూగింది. ఇప్పుడు అదే నా తూకం రాయి. సీసా ఎత్తితే ట్రిగ్గర్ విడవకూడదు. ఎత్తే ముందు ఊగకుండా చూసుకోవాలి, ఊగితే తూకం తప్పుతుంది. రేంజ్‌కి బయల్దేరే ముందు రోజు రాత్రి తప్పకుండా చూసుకుంటాను. ట్రిగ్గర్ రెండు దశల్లో కదులుతుంది: మొదటి దశ 380 గ్రాముల దాకా, మిగతాది రెండో దశలో. మొదటి దశ ఎక్కువ ఉంటే వేలు గోడకి ఆనినట్టు ఆగుతుంది, అక్కడి నుంచి కొంచెం నొక్కితే చాలు.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్న పిస్టల్ కొనుక్కోమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. మోరిని కంపెనీ పిస్టళ్లలో అది పేరున్నదే, నొక్కి చూశాను, గాజు గీసినంత శుభ్రంగా ఉంటుంది. అయినా నాకు మెకానికల్ చాలు, స్క్రూడ్రైవర్‌తో నాకే అర్థమవుతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్ పిస్టల్ అర్హత రౌండ్ మధ్యలో మొరాయించింది. ఆ అమ్మాయి కోల్పోయిన నిమిషాలు, 575తో 12వ స్థానంలో ఆగిపోవడం గుర్తొస్తే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. మూడేళ్ళ తర్వాత పారిస్‌లో అదే విభాగంలో కాంస్యం గెలిచినప్పుడు మా ఇంట్లో అందరం లేచి నిలబడ్డాం. అప్పటి నుంచి నా పెట్టెలో అలెన్ కీలు, ఓ-రింగులు (గాలి పోకుండా ఆపే రబ్బరు రింగులు), అదనపు సిలిండర్ లేకుండా బయల్దేరను.

మే, జూన్: కన్ను

గ్రిప్ కుదిరాక తర్వాతి లోపం బయటపడింది. నాకు 44 ఏళ్లు. ముందు సైట్ అంచులు మసకగా ఉన్నాయి, టార్గెట్ మాత్రం స్పష్టంగా ఉంది. కావలసింది దానికి సరిగ్గా తిరగేసి. ముందు సైట్ బ్లేడు మందం మార్చడం, వెనుక గాడి వెడల్పు చేయడం రెండూ ప్రయత్నించాను. గాడిని వెడల్పు చేసి, రెండు పక్కలా వెలుతురు కొంచెం ఎక్కువ కనిపించేలా పెట్టుకుంటే కంటికి హాయిగా ఉంది, అది అలాగే ఉంచాను. మసక మాత్రం పోలేదు.

కళ్ళ డాక్టర్ గారి దగ్గరికి పిస్టల్ తీసుకెళ్ళలేం కదా. ఒక స్కేలు పట్టుకుని చెయ్యి చాపి, నా కంటి నుంచి ముందు సైట్ దాకా ఎంత దూరమో ఇంట్లో ముందే కొలుచుకుని వెళ్ళాను. దూరపు చూపు నంబర్‌కి ప్లస్ 0.50 కలిపి కుడి కంటికి ఒక లెన్స్ రాశారు. ఎడమ కంటికి అడ్డం పెట్టే అట్టముక్క 30 మిల్లీమీటర్ల వెడల్పు దాటకుండా నేనే కత్తిరించుకున్నాను.

పోయిన ఆదివారం మొదటిసారి ఆ లెన్స్‌తో 60 షాట్లు: 89, 92, 90, 88, 93, 90, మొత్తం 542. ముందు సైట్ పై అంచు బ్లేడుతో కోసినట్టు నల్లగా, దానిపైన టార్గెట్ ఒక బూడిద రంగు బంతిలా ఉంది. కొత్త లెన్స్‌తో గుండ్ల గుంపు కొంచెం కుడికి జరిగింది. ముందు కళ్ళు మూసుకుని పదిసార్లు ఎత్తి చూసుకున్నాను, తొమ్మిదిసార్లు మధ్యలోనే ఉంది. అప్పుడు వెనుక సైట్‌ని రెండు క్లిక్కులు ఎడమకి తిప్పాను.