మీటరు గడ్డిలో యాభై ఆరు

రష్యాలోని కుర్స్క్‌లో మెడిసిన్ చదివే మాకు జూన్ అంటే పరీక్షల టెన్షన్. 2018లో నాకు అది చాలదన్నట్టు గడ్డి టెన్షన్ కూడా తోడైంది. ఊరికి దక్షిణాన అలియోఖిన్ అనే వృక్షశాస్త్రవేత్త పేరు మీద ఒక ప్రకృతి రిజర్వు ఉంది. ఓక్ తోపులూ గడ్డిమైదానాలూ కలగలిసిన నేల. అక్కడ మొక్కలు లెక్కపెట్టాలి, సాయానికి ఎవరొస్తారని బయాలజీ టీచర్ అడిగితే, పిక్నిక్ అనుకుని చెయ్యెత్తాను.

1935 నుంచి కాపాడుతున్న చోటు. అనుమతి లేనిదే అడుగు పెట్టనివ్వరు. ఫారంలో మూడు గళ్లు: ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు మీద వచ్చే పేరు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, అంతా కలిపి పేరు గడిలోనే ఉంటుంది. వీసాలో ఒకలా, ఫారంలో ఇంకోలా నేనే రాసి రెండుసార్లు వెనక్కి తెప్పించుకున్నాను. మూడోసారి తండ్రి గడిలో అడ్డగీత పెడితే పనైంది. ఈ మాట నాన్నకు చెప్పలేదు.

ఆ రోజు ప్యాంటు కాళ్లను మేజోళ్లలోకి దోపుకొని వెళ్లాం. గోమార్ల భయం, అవి కుడితే జ్వరాలొస్తాయి. చేరిన చోటు స్ట్రెలెత్స్కాయ స్టెప్ అనే గడ్డిమైదానం. పూర్వం స్ట్రెల్త్సీ అనే సైనికులకు గడ్డి కోసుకోవడానికీ పశువులను మేపుకోవడానికీ వదిలిన భూమి కాబట్టి నాగలి తగలకుండా మిగిలింది. తెల్లని కుచ్చుల్లా ఊగే గడ్డిని వాళ్లు కవిల్ అంటారు. దాని మధ్యన నీలం పూలు.

టీచర్ నేల మీద మీటరు చదరపు చట్రం పెట్టి, "ఎన్ని జాతులున్నాయో చూడు" అన్నారు. పదిహేను ఉంటాయేమో అనుకున్నాను. గంటకు 31 దగ్గర ఆగిపోయాను. రైతు బిడ్డను కదా, చెయ్యి ఊరికే కలుపు పీకడానికి పోతోంది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, పొడుగు గడ్డిని వేళ్లతో పాయలు తీసినట్టు పక్కకు తీశారు. కింద ఇంకో అంతస్తు. దాని కిందా ఆకులే, కొన్ని గోరంత కూడా లేవు. పూలు లేనివాటిని ఆకు అంచు చూసి, కాడ నూగు తడిమి గుర్తుపట్టాలి. నలుగురం కలిసి 56 తేల్చాం. ఇక్కడ 80కి పైగా దొరికిన మీటర్లూ ఉన్నాయని చెప్పి నా సంబరం మీద నీళ్లు చల్లారు.

అన్నిటికన్నా నన్ను తికమకపెట్టింది పక్క కమతం. అది అసలు కోయనిది. రక్షణ అంటే ముట్టకపోవడమే కదా, అక్కడ ఇంకా ఎక్కువ ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే ఏళ్ల తరబడి పడిన ఎండుగడ్డి పరుపులా పేరుకుంది. అడుగుకు వెలుతురు లేక చిన్న మొక్కలు పోయాయి, ముళ్లపొదలు లేస్తున్నాయి. ఒకప్పుడు అడవి గుర్రాలు మేసేవి, తర్వాత మనుషులు కోసేవారు. అందుకే రిజర్వువాళ్లే కొన్ని కమతాలు ఏటా కోయిస్తారు, కొన్నిటికి మధ్యలో విరామం ఇస్తారు, కొన్ని పశువులకు, కొన్ని అలాగే వదిలేస్తారు. ఏది ఏమవుతోందో పక్కపక్కనే పోల్చి చూడటమే అక్కడి పరిశోధన.

తిరిగి వస్తుంటే ఒక మట్టికుప్ప కనిపించింది. స్లెపీష్ అనే గుడ్డి ఎలుక తోడింది. దాని కళ్ల మీద చర్మమే కప్పేసి ఉంటుందట. ఆ మట్టి కాస్త చేతిలోకి తీసుకున్నాను. నల్లగా, అచ్చం మా రేగడిలాగే. కానీ రేగడి తడిస్తే బంకలా పట్టుకుంటుంది, ఇది పుట్నాలపొడిలా రాలింది. మా నేల బంకమట్టి, ఎండితే నెర్రెలిస్తుంది. ఇక్కడి నలుపు వేల ఏళ్లుగా గడ్డివేళ్లు కుళ్లి చేరినది, మీటరు లోతు దాకా అదే.

రాత్రి ఫోటో పంపితే నాన్న ఫోన్ చేశారు. "గడ్డి లెక్కపెట్టడానికా రా నిన్ను అంత దూరం పంపింది?" అన్నారు. కాసేపాగి, "ఆ మట్టిలో ఏం పండిస్తారు?" అని అడిగారు.

"ఏమీ వేయరు నాన్నా."

"ఏమీనా?" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.