వరిగడ్డికి తోడు పెట్టడం

యాసంగి కోతలు అయ్యాక మా ఊరికి బస్సులో వెళ్తే కిటికీ మూసుకోవాల్సిందే, రెండు పక్కలా వరి కొయ్యలు తగలబడుతూ ఉంటాయి. నాకు రైతుల మీద కోపం లేదు. మా చిన్నాయన కూడా నిప్పు పెట్టినవాడే. మిషన్ కోస్తే గడ్డి పొలమంతా పరుచుకుని పడుతుంది, కట్టలు కట్టించాలంటే డబ్బులు, ఇంట్లో తినే గొడ్లు లేవు, వానాకాలం పంటకి మడి సిద్ధం చేయాలి, ఇంక ఏం చేస్తాడు? కానీ అక్కడ కాలుతున్నదాంట్లో సగానికి పైగా చక్కెర అని తెలిసిన మనిషికి ఆ పొగ చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇదే మాట చిన్నాయనతో అంటే, "గడ్డిల చక్కెర ఏడుంటది బిడ్డా, నమిలితే తియ్యగుండదు గదా?" అన్నాడు. మంచి ప్రశ్న. బియ్యం నోట్లో వేసుకుని కాసేపు నములుతూ ఉంటే తియ్యబడతాయి, ఎందుకంటే మన ఉమ్మి పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడుతుంది. గడ్డిలో ఉన్నదీ గ్లూకోజే, కాకపోతే సెల్యులోజ్ అనే గొలుసుగా బిగుసుకుని ఉంటుంది, ఆ ముడి విప్పే ఎంజైమ్ మన దగ్గర లేదు. ఆవు కడుపులోని సూక్ష్మజీవుల దగ్గర ఉంది. కొన్ని బూజుల దగ్గరా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాల బట్ట కుళ్లిపోతుంటే దాన్ని తింటున్న బూజుని పట్టుకున్నారు, దాని పేరు ట్రైకోడెర్మా రీసై. పశువుల ఎరువులో కలిపి వేరుకుళ్లు రాకుండా వేస్తామే ట్రైకోడెర్మా విరిడె, దానికి చుట్టమే ఇది. ఇవాళ గడ్డిని చక్కెరగా మార్చే ఎంజైమ్‌లు చాలావరకు ఈ గుడారాల బూజు వంశం నుంచి వస్తున్నవే.

ల్యాబ్‌లో నా పని వరిగడ్డి నుంచి లాక్టిక్ యాసిడ్ తీయడం. పెరుగుకి పులుపు ఇచ్చేది అదే. మేం ఇనాక్యులమ్ అనేదాన్ని మా అమ్మ తోడు అంటుంది, నిజానికి అదే సరైన మాట.

చాలామంది గడ్డి అనగానే ఇథనాల్ అంటారు, అదే పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022 ఆగస్టులో ప్రారంభించిన ప్లాంటు లక్ష్యం ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి నుంచి 3 కోట్ల లీటర్లు. అంటే టన్నుకి 150 లీటర్లు, బరువులో 120 కిలోలలోపే. ఇంత తక్కువ రావడానికి ఒక కారణం చక్కెరని ఇథనాల్‌గా పులియబెట్టే ఈస్టే. 180 గ్రాముల గ్లూకోజ్ ఇస్తే అది మహా అయితే 92 గ్రాముల ఇథనాల్ ఇచ్చి, మిగతా 88 గ్రాములు బొగ్గుపులుసు వాయువుగా గాలిలోకి వదిలేస్తుంది. లాక్టిక్ బ్యాక్టీరియా అయితే లెక్క ప్రకారం 180కి 180 ఇవ్వగలదు, గాలిలోకి ఏమీ పోదు. అది బయోప్లాస్టిక్‌కి ముడిసరుకు, ఆహార పరిశ్రమకి పులుపు. రైతు దగ్గర కొన్న ప్రతి కిలోకీ విలువ రావాలంటే నా ఓటు దీనికే.

కష్టమంతా తోడు పెట్టే ముందే ఉంది. గడ్డిలో లిగ్నిన్ అనే జిగురు, దానికి తోడు ఇసుక లాంటి సిలికా, వీటి మధ్య చక్కెర గొలుసులు ఇరుక్కుని ఉంటాయి. పలచని యాసిడ్‌లో వేడిచేసి వదులు చేయాలి. మొదటి ఏడాది ఒకసారి వేడి కొంచెం ఎక్కువైంది, మూత తీస్తే బాదం వాసన, బాగుందే అనుకుని ముందుకెళ్లాను. రెండు రోజులైనా బ్యాక్టీరియా కదల్లేదు. ఆ వాసన ఫర్ఫ్యూరల్‌ది, చక్కెర మాడితే పుట్టే విషం. మూడు వారాల పని పారబోసిన రోజు అన్నం సయించలేదు. అప్పటి నుంచి వాసన వస్తే చాలు ఆపేస్తాను.

ఇప్పుడు తోడుగా వాడుతున్నది బాసిల్లస్ కోయాగులన్స్ అనే బ్యాక్టీరియా. మామూలు ఈస్ట్ ముట్టని జైలోజ్ అనే ఇంకో రకం చక్కెరని కూడా ఇది తింటుంది, వరిగడ్డిలో అది చిన్న వాటా కాదు. పైగా 50 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది, బూజు ఎంజైమ్‌లూ ఆ వేడిలోనే బాగా పనిచేస్తాయి, కాబట్టి ఒకే డ్రమ్ములో ఒకటి చక్కెర విడగొడుతుంటే ఇంకొకటి తినేస్తూ ఉంటుంది. ఆ వేడికి వేరే సూక్ష్మజీవులు చాలావరకు దూరవు కూడా.

మిగిలిన టెన్షన్ జిప్సం. యాసిడ్ పేరుకుంటే బ్యాక్టీరియా ఆగిపోతుంది, అందుకని సున్నం కలుపుతాం, చివర్లో సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి లాక్టిక్‌ని విడదీస్తాం, అప్పుడు టన్ను లాక్టిక్‌కి దాదాపు టన్ను జిప్సం తేలుతుంది. ఒక చెత్త తీసేయబోయి ఇంకో గుట్ట పోయడం నాకు ఇష్టం లేదు, సున్నం బదులు సోడియం హైడ్రాక్సైడ్ వాడి కరెంటుతో, పొరలతో యాసిడ్‌ని వేరుచేసే పద్ధతి చూస్తున్నాం. ఖర్చు ఎక్కువే.

ఈసారి చిన్నాయన అర ఎకరం గడ్డి కాల్చకుండా కట్టలు కట్టించి కొట్టంలో పెట్టాడు. కోతలు కొన్ని వారాలే, పని మాత్రం ఏడాదంతా, ఈలోపు తడిస్తే మనకంటే ముందు బూజే ఆ చక్కెర తినేస్తుంది. టార్పాలిన్ కప్పమని ఫోన్ చేసి చెప్పాను. "కప్పిన బిడ్డా, నువ్వెప్పుడొస్తవు?" అన్నాడు. ఆదివారం వెళ్తున్నాను, నాలుగు కట్టలు తెచ్చుకోవాలి.