మనం చింగు కాదట

ఆదివారం పూట ఏడింటికి లేచాను, రెండు అలారాలు పెట్టుకుని మరీ. ఏడున్నరకి సువోన్‌లో ఉన్న నా కొరియన్ పార్ట్‌నర్‌తో కాల్, అక్కడ అప్పటికి పదకొండు. అరగంట నాకు కొరియన్, అరగంట తనకి తెలుగు. వాళ్ళ నాన్నకి పెనుకొండ దగ్గర కార్ల ప్లాంట్‌లో ఉద్యోగం, సెలవులకి వచ్చినప్పుడల్లా ఆయన పక్కన బొమ్మలా కూర్చోవడం విసుగొచ్చి తెలుగు మొదలుపెట్టింది.

ఇవాళ నేను గొప్పగా రాసుకున్న వాక్యం చదివాను. "నాకు సువోన్‌లో ఒక చింగు ఉంది." చింగు అంటే ఫ్రెండ్ అని మొదటి పాఠంలోనే వస్తుంది కదా. తను నవ్వేసి, "కానీ మనం చింగు కాదు" అంది. నా మొహం మాడిపోయింది. నాలుగు నెలలుగా ఇంట్లో గొడవలతో సహా అన్నీ చెప్పుకుంటున్నాం, ఇప్పుడు ఫ్రెండ్ కాదంటే?

తర్వాత తీరిగ్గా చెప్పింది. వాళ్ళలో మామూలుగా చింగు అంటే ఒకే ఈడు వాళ్ళు. ఒక్క ఏడాది పెద్దదైనా నాకు ఒన్నీ, అంటే అక్క. కాలేజీలో ముందు చేరితే సొన్బే. అందుకే పరిచయమైన కాసేపటికే ఏ సంవత్సరం పుట్టావని అడిగేస్తారు.

సరే, నాది 1996 అక్టోబరు, తనది 1996 ఫిబ్రవరి, మరి చింగులమే కదా అని లాయర్‌లా పాయింట్ తీశాను. కాదట. అక్కడ బడి మార్చిలో మొదలవుతుంది, అప్పట్లో జనవరి, ఫిబ్రవరిల్లో పుట్టిన పిల్లల్ని ముందు ఏడాది పుట్టినవాళ్ళతో కలిపి చేర్చుకునేవాళ్ళు (2003లో పుట్టినవాళ్ళ నుంచి ఆ పద్ధతి పోయింది). అంటే తన క్లాస్ మొత్తం దాదాపుగా 1995 వాళ్ళే, వాళ్ళంతా తనకి చింగులు, నాకేమో ఒన్నీలు, ఇక నేనూ తనకి చింగునైతే లెక్క ఎక్కడా కుదరదు. దీన్ని జొక్బొ మెలిపడిందంటారట. జొక్బొ అంటే వంశవృక్షం. నాకు వెంటనే మా పిన్ని కూతురి పెళ్ళి గుర్తొచ్చింది. పెళ్ళికొడుకు వైపు నుంచి చూస్తే వదిన, మా అమ్మ వైపు నుంచి చూస్తే పిన్ని అయ్యే ఒకావిడ ఉంటే, ముగ్గురు పెద్దవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చుని ఆ వరస తేల్చేదాకా సాంబారు వడ్డించనివ్వలేదు.

2023 జూన్ నుంచి వాళ్ళకీ చట్టప్రకారం వయసు మనలాగే లెక్క, అంతకుముందు పుట్టగానే ఒకటి, ప్రతి జనవరి ఒకటిన ఇంకొకటి వేసుకునేవాళ్ళు. "కాగితం మీద చిన్నదాన్నయ్యాను, అక్కరికం మాత్రం తగ్గలేదు" అంది.

చివర్లో తనే, "మాట దించేద్దామా?" అనడిగింది. అంటే మర్యాద మాటలు మానేసి బన్మల్‌లోకి రావడం, అది పెద్దవాళ్ళ వైపు నుంచే రావాలట. చాలావరకు వాక్యం చివరి 'యొ' తీసేస్తే సరిపోతుంది. చెప్పడం సులువు. అమలాపురం దాన్ని, నాకు 'అండి' లేకుండా తెలుగే దిగదు, కొరియన్‌లో 'యొ' ఎలా వదులుతుంది?

తెలుగు అరగంటలో తన వంతు. అక్కని మీరు అనాలా అంది. మా ఇంట్లో అమ్మనీ అక్కనీ నువ్వనే అంటాం, నాన్నని మాత్రం మీరు అన్నాను. నోట్‌బుక్‌లో రాసుకుని, కింద ఎర్ర గీత గీసి, "ఎందుకు?" అంది. ఎప్పుడూ ఆలోచించలేదు. నెట్ సరిగ్గా లేదన్నాను.

మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది, పప్ మొగొస్సొ, అన్నం తిన్నావా అని. చివర యొ లేదు. తిన్నానని టైప్ చేసి, అలవాటుగా యొ పెట్టి, చెరిపి, మళ్ళీ పెట్టి, ఆఖరికి దోసకాయ పప్పు ఫోటో పంపాను.