పది డోసుల సీసా

గుంటూరు జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎనిమిదేళ్లు వైద్యురాలిగా పనిచేశాక ఉత్తర నైజీరియాలోని కానోకు టీకాల కార్యక్రమంలో ఒప్పంద ఉద్యోగానికి వచ్చినప్పుడు, ఇది నాకు చేయి తిరిగిన పనే కదా అనుకున్నాను. ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావలెంట్ టీకా ఇక్కడా ఆరు, పది, పధ్నాలుగు వారాలకే వేస్తారు. టీకాలు మోసుకెళ్లే క్యారియర్‌లో ఐస్‌ప్యాకులూ మన ఏఎన్ఎంలు సర్దుకున్నట్టే సర్దుకుంటారు. మొదటి పెంటా కూడా పడని బిడ్డను జీరో డోస్ బిడ్డ అంటారు. 2023 అంచనాల్లో అలాంటి పిల్లలు నైజీరియాలో సుమారు 21 లక్షలు, మన దేశంలో 16 లక్షలు. ఆ రెండో అంకెను ఇక్కడి సహోద్యోగి ఒకాయన నవ్వుతూ గుర్తుచేశాక, పాఠం చెప్పడానికి వచ్చానన్న ధీమా కొంత తగ్గింది.

బయలుదేరే ముందు నేను చదివినదంతా జనం నిరాకరణ గురించే. 1996లో మెనింజైటిస్ ప్రబలినప్పుడు కానో పిల్లల మీద జరిగిన విదేశీ ఔషధ పరీక్ష, 2003లో పోలియో చుక్కల బహిష్కరణ ఇక్కడ ఇంకా ఎవరూ మరచిపోలేదు. అనుమానం ఉన్నమాట నిజమే కానీ, పేటపెద్ద అయిన మాయ్ ఉంగువా ముందు నడిస్తే చాలా తలుపులు తెరుచుకుంటాయి. పరాయి మగవారు అడుగుపెట్టలేని లోపలి వాకిళ్లలోకి ఆడవాళ్లం వెళ్లగలం.

నేను చూసిన చిక్కు మా బల్ల దగ్గరే ఉంది. సహారా నుంచి వీచే హర్మటాన్ గాలి దుమ్ము కమ్మిన ఒక ఉదయం, తొమ్మిది నెలల బిడ్డను వీపున కట్టుకుని ఒక తల్లి కేంద్రానికి వచ్చింది. తట్టు టీకా సీసాలో పది డోసులుంటాయి. పొడి కలిపాక ఆరు గంటల్లో వాడకపోతే మిగిలింది పారబోయాలి. ఒక్క బిడ్డ కోసం సీసా తెరిచి తొమ్మిది డోసులు పారబోస్తే పైవాళ్లకు సంజాయిషీ చెప్పుకోవాలని భయపడి, నర్సు వచ్చే గురువారం రమ్మని పంపేసింది. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవమనే నియమం ఉందని తెలిసీ, వచ్చి నెలైనా కాలేదు కదా అని నేను నోరు మెదపలేదు. “బుధవారం రామ్మా” అని గుంటూరులో నేనూ ఎందరినో పంపించినదాన్నే.

నెల తరువాత ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాము. మా రిజిస్టరులో ఆమె పేరు “మానేసినవారి” వరుసలో ఉంది. వేరుసెనగ పిండితో కులి-కులి వేయించి అమ్ముకునే మనిషి; మళ్లీ వస్తే మరో రోజు బేరం పోతుంది. మూకుడులోంచి చూపు తిప్పకుండానే, “నేను వచ్చాను కదా” అంది.

ఆ వాకిట్లోనే సీసా తెరిచాము. చుట్టుపక్కల ఇళ్ల నుంచి పిల్లలను పిలిపించగా మధ్యాహ్నానికి ఏడు డోసులు పడ్డాయి. వృథా అయిన డోసుల గడిలో మూడు అని నేనే రాసి సంతకం చేశాను.