తొట్టి దగ్గర సిలువ రాగం

లూకా సువార్త రెండవ అధ్యాయం చదివేటప్పుడు ఆరవ వచనానికీ ఏడవ వచనానికీ మధ్య మనం ఆగము. "ఆమె ప్రసవదినములు నిండెను గనుక" అన్న గొంతే ఊపిరి తీసుకోకుండా "తన తొలిచూలు కుమారుని కని, పొత్తిగుడ్డలతో చుట్టి, సత్రములో వారికి స్థలము లేనందున ఆయనను పశువులతొట్టిలో పరుండబెట్టెను" అని ముగిస్తుంది; సంఘం ఆమేన్ అంటుంది; పండుగ వచ్చేస్తుంది. ఆ రెండు వచనాల నడుమ ఒక ప్రశ్నకు చోటున్నదనీ, దానికి జవాబు వెదకకుండా తొట్టి దగ్గరకు వెళ్ళకూడదనీ నాకు నేర్పినది పద్దెనిమిదవ శతాబ్దపు జర్మన్ సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాక్ కూర్చిన క్రిస్మస్ ఒరటోరియో, అంటే బైబిలు వృత్తాంతాన్ని గాయకులతో, వాద్యాలతో వినిపించే పెద్ద సంగీతకృతి.

ఆ కృతి కచేరీ కోసం పుట్టలేదు. 1734 డిసెంబరు 25న జర్మనీలోని లైప్‌జిగ్ పట్టణంలో పండుగ ఆరాధనలో మొదటి భాగం, 26, 27 తేదీల్లో తరువాతి రెండు, 1735 జనవరి 1, 2, 6 తేదీల్లో మిగిలిన మూడు భాగాలు వాక్యపఠనంతో, ప్రసంగంతో కలిసి సంఘం చెవిని పడ్డాయి. మొదటి భాగం నగారాలతో, బాకాలతో లేస్తుంది. ఆ సంబరం ముగిశాక సువార్తికుని పాత్రలో లేఖన వచనాలను పాడి వినిపించే గాయకుడు కైసరు ఔగుస్తు ఆజ్ఞతో మొదలుపెట్టి, మరియకు ప్రసవదినాలు నిండినంత వరకు చదివి ఆగిపోతాడు. ఒక స్త్రీ స్వరం పెండ్లికుమారుడు వస్తున్నాడని చెప్పి, సిద్ధపడుమని సీయోను కుమార్తెను మేల్కొలుపుతుంది. అప్పుడు బాకాలు పూర్తిగా మౌనం వహించగా, గాయక బృందమంతా కలిసి, ఏ అలంకారమూ లేని ఒక సంఘకీర్తన పాడుతుంది: ప్రభువా, నిన్ను నేనెలా చేర్చుకోవాలి, ఏ విధంగా నీకు ఎదురు రావాలి, నీకు ఇష్టమైనదేదో నాకు తెలిసేలా నీవే నా పక్కన దివ్వె నిలుపుము అని. ఆ కీర్తన ముగిసిన తరువాతనే సువార్తికుడు ఏడవ వచనం ఎత్తుకుంటాడు.

కీర్తన మాటలు పౌల్ గెర్హార్ట్‌వి. ముప్పై ఏళ్ళ యుద్ధం జర్మనీ దేశాన్ని కాల్చివేస్తుండగా యౌవనం గడిపిన దైవసేవకుడాయన. మాటలకు మించినది ఆ రాగం. శుభ శుక్రవారంనాడు లూథరన్ సంఘాలు ముళ్ళకిరీటం ధరించిన ప్రభువు శిరస్సును తలచుకొని కన్నీళ్ళతో పాడే కీర్తన రాగమది. 1727లో అదే లైప్‌జిగ్‌లో వినిపించిన మత్తయి సువార్త శ్రమల సంగీతంలో బాక్ ఆ రాగాన్ని ఒకసారి కాదు, ఐదుసార్లు వాడుకున్నాడు. ఆ కాలంలో ఆ రాగానికి వేరే కీర్తనలు కూడా పాడేవారనీ, అందువల్ల ఇక్కడ సిలువ సూచన ఉన్నదని గట్టిగా చెప్పలేమనీ పండితులు కొందరు అంటారు. వారి జాగ్రత్త వారిది. శ్రమకాలమంతా ఆ రాగం పాడిన విశ్వాసి డిసెంబరులో దాన్ని వింటూ కల్వరిని తలచుకోకుండా ఉండగలడా? ఉండలేడని నా నమ్మకం.

ఇప్పుడు ఆ క్రమాన్ని మరొకసారి మనసులో పెట్టుకోండి. శిశువు ఇంకా పుట్టలేదు. పొత్తిగుడ్డలు ఇంకా చుట్టలేదు. సత్రపు తలుపు ఇంకా మూయలేదు. అప్పటికే సిలువ రాగం వినబడింది. పుట్టబోయే వాడెవరో, ఆయనను చేర్చుకొనడమంటే దేనిని చేర్చుకొనడమో మనకు ముందే చెప్పి, ఆపైన మాత్రమే తల్లి చేతుల్లో బిడ్డను చూపిస్తున్నాడు బాక్. అదే లూకా తన సువార్త చివర అరిమతయియ యోసేపు ప్రభువు దేహాన్ని నారబట్టతో చుట్టి, రాతిలో తొలిచిన సమాధిలో ఉంచాడని వ్రాశాడు. ఒక చుట్టడం తల్లి చేసినది, ఒక చుట్టడం శిష్యుడు చేసినది; మొదటిసారి స్థలం లేనందున పశువుల తొట్టి, రెండవసారి తనదంటూ సమాధి లేనందున పరులది. ఎలా చేర్చుకోవాలి అన్న ప్రశ్న అంత లోతుకు వెళ్ళి అడిగినది. దానికి లోకం ఇచ్చిన జవాబు "స్థలము లేదు" అన్నదైతే, సంఘం ఇవ్వవలసిన జవాబు మొదటి భాగం చివర సంఘసంస్కర్త మార్టిన్ లూథర్ కీర్తనలో ఉన్నది: ప్రియమైన చిన్ని యేసూ, నా హృదయంలో మెత్తని పడక వేసుకో, నేను నిన్ను ఎన్నడూ మరువకుండునట్లు.

గత డిసెంబరులో జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో ఒక ఊరి చర్చిలో బారోక్ సంగీతం, అంటే బాక్ కాలపు సంగీతం, పండుగ పాటలు కలిపి ఏర్పాటు చేసిన సాయంత్రానికి మన తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి వెళ్ళాము. ఒరటోరియో మొదటి మూడు భాగాలు, ఆ పైన అందరూ లేచి పాడే పాటలు. నగారాలు మోగినప్పుడు ఫోన్లు లేచాయి. ఆ కీర్తన రాగానే దిగాయి, గుసగుసలు మొదలయ్యాయి. బయటికి వచ్చాక మనవారిలో ఒకరు "మధ్యలో ఒక నెమ్మది పాట పెట్టారు, అది తప్ప అంతా బాగుంది" అన్నారు. చివరన మన నోటికి "శుద్ధరాత్రి"గా తెలిసిన పాట జర్మన్‌లో ఎత్తుకున్నప్పుడు అందరి కళ్ళూ తడిసినవి, నావి కూడా. కాని ఆ తడి దేనికో ఆ నెమ్మది పాట విన్నవారికే పూర్తిగా తెలుస్తుందని చెప్పక తప్పదు.

ఇది పరాయి సంగీతమని, మనకు పట్టదని అనేవారికి ఒక మాట. లైప్‌జిగ్‌కు పొరుగునే ఉన్న హాలే పట్టణంలో బాక్ బ్రతికి ఉండగానే, 1740లలో, జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్ట్‌జ్ తెలుగులో క్రైస్తవ గ్రంథాలు అచ్చు వేయించాడు. ఆ విశ్వాసం మన మాటలోకి వచ్చిన దారి ఈ నేలమీదుగానే పోతుంది.

బాక్ కాలపు లైప్‌జిగ్‌లో క్రిస్మస్‌కు ముందు సిద్ధపడే వారాలైన ఆగమన కాలపు రెండవ ఆదివారం నుండి పండుగ వరకు చర్చిలో వాద్యాలతో కూడిన పెద్ద సంగీతం ఉండేది కాదు. వారాల తరబడి ఆ మౌనం భరించిన తరువాతే 25న నగారా మోగేది. మనం డిసెంబరు మొదటి వారంలోనే సెమీ క్రిస్మస్ చేసి, కేకు కోసి, సౌండు బాక్సులు పగిలేలా పాడి, 26 ఉదయానికి అలసిపోతాము. సిద్ధపడే కాలాన్ని పండుగ మింగివేస్తే ఎదురు రావడం ఎక్కడ జరుగుతుంది? కాపరులైన అయ్యగార్లను చేతులు జోడించి వేడుకుంటున్నాను: ఈ సంవత్సరం క్రిస్మస్ ఆరాధనలో ఆరవ వచనం చదివి ఆగండి. సంఘానికి తెలిసిన ఒక సిలువ కీర్తన, ఒక చరణమైనా సరే, పాడించండి. ఆ తరువాత ఏడవ వచనం చదవండి. సంబరానికి అడ్డు వస్తుందని కొందరు సణుగుతారు, సణగనివ్వండి.

మా నాన్నగారు ప్రభువునందు నిద్రించిన సంవత్సరం వచ్చిన క్రిస్మస్‌లో నాకు ఏ పాటా నోట రాలేదు. చుట్టూ నక్షత్రాలు వెలుగుతున్న వీధిలో నడవడమే కష్టమయ్యేది. ఆ ఏడు ఈ ఒరటోరియో వింటూ, బాకాల దగ్గర తలుపు బయటే నిలబడిపోయిన నన్ను ఈ కీర్తన లోపలికి తీసుకొనిపోయినది. దుఃఖంలో ఉన్నవారు కన్నీళ్ళు తుడుచుకొని వస్తేనే తొట్టి దగ్గర చోటు దొరుకుతుందనుకోవద్దు. మరణించడానికే పుట్టినవాడి దగ్గర మరణం చూసి వచ్చినవారికి మొదటి వరుస ఉన్నది. మీ సంఘంలో ఈ ఏడు సమాధి తోట నుండి తిరిగి వచ్చిన కుటుంబం ఉంటే, క్యారల్ బృందం వారి గుమ్మం దాటి పోకూడదు. నెమ్మదిగా ఒక కీర్తన పాడి, వారి పక్కన కాసేపు కూర్చొని రావాలి.

కచేరీలలో సాధారణంగా మూడు భాగాలతో ఆపివేస్తారు. అందువల్ల చాలామంది ఆ రాగపు రెండవ రాకను వినరు. జనవరి 6కు చెందిన ఆరవ భాగంలో జ్ఞానులు తమ పెట్టెలు విప్పి బంగారాన్ని, సాంబ్రాణిని, బోళాన్ని సమర్పించే వచనం వస్తుంది. ఆ బోళమే యోహాను సువార్తలో నీకొదేము ప్రభువు సమాధికి మోసుకొని వచ్చిన సుగంధం. ఆ భాగం చివరి పాటలో అదే సిలువ రాగం తిరిగి వస్తుంది, ఈసారి నగారాల మధ్య, మూడు బాకాల మధ్య, విజయఘోషగా: మనకు విరోధంగా ఉన్నదానిని క్రీస్తు విరుగగొట్టాడు, మరణం, సాతాను, పాపం, నరకం బలహీనమైపోయాయి అని. మొదటి భాగంలో నోరు మూసుకొన్న బాకాలు ఇక్కడ ఆ రాగానికి లోబడి దాని చుట్టూ మోగుతాయి.

కనుక ఒక్క రాత్రిలో వినేసి పక్కన పెట్టకండి. 25న లూకా రెండవ అధ్యాయం ఏడవ వచనం వరకు చదివి మొదటి భాగం, 26న పద్నాలుగవ వచనం వరకు చదివి రెండవది, 27న ఇరవయ్యవ వచనం వరకు చదివి మూడవది, జనవరి 1న యేసు అను పేరు పెట్టిన ఇరవై ఒకటవ వచనంతో నాలుగవది, తరువాతి ఆదివారం మత్తయి రెండవ అధ్యాయం మొదటి ఆరు వచనాలతో ఐదవది, 6న పన్నెండవ వచనం వరకు చదివి చివరిది వినండి. భాష రాకపోయినా ఫరవాలేదు, బైబిలు చేతిలో ఉంటే చాలు. ఇంట్లో పిల్లలుంటే వారిని పక్కన కూర్చోబెట్టుకొని, ఆ రాగం వచ్చిన రెండు చోట్లా ఇదే పాట అని చెప్పండి.