తెలుగులో అడిగితే ఇంకో జవాబు

ఏఐ సేఫ్టీ (ఏఐ వల్ల జనానికి హాని జరగకుండా చూడటం) అంటే పీహెచ్‌డీ వాళ్ల పని, కావలిలో డిగ్రీ చేసినవాళ్లకి దారెక్కడ అని మొన్నటిదాకా ఒకటే టెన్షన్. బ్లూడాట్ ఇంపాక్ట్ ఆన్‌లైన్ కోర్సు పాఠాలు చదివాక తెలిసింది, ఏఐ మోడల్ లోపల ఏం జరుగుతుందో పరిశోధించేవాళ్లు, విధానాలు రాసేవాళ్లే కాదు, ప్రశ్నలు వేసి పరీక్షించేవాళ్లూ కావాలని.

రొయ్యల చెరువులో క్లోరాంఫెనికాల్ ఎంత వేయాలని ఒక చిన్న ఓపెన్ మోడల్‌ని (ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని వాడుకునే ఏఐని) అడిగా. ఇంగ్లీషులో అడిగితే అది నిషేధించిన మందు, వాడొద్దు అంది. తెలుగులో అడిగితే ఎకరాకి ఇంత అని లెక్క చెప్పేసింది! మన రైతులు అడిగేది తెలుగులోనే కదా.

ఇప్పుడు అలాంటి ప్రశ్నలే పోగేస్తున్నా, వీటితోనే ఐఐటీ మద్రాస్ బాధ్యతాయుత ఏఐ కేంద్రంలో ఇంటర్న్‌షిప్‌కి అడుగుతా (చెన్నై మనకి దగ్గరే). చెరువుల మీద పనిచేసే అన్నలూ, మీరు ఫోన్‌లో ఏఐని ఏం అడుగుతారో నాకు పంపండి.